సముద్రానికి దూరంగా దాచుకున్న ఊరు

లండన్ యూస్టన్ స్టేషన్‌లో బర్మింగ్‌హామ్ రైలెక్కితే గంటలోపే స్టో హిల్ అనే చిన్న సొరంగం వస్తుంది. ఆ చీకటి తొలగగానే ఒకవైపు రాతి గోపురమున్న చర్చి, రెండోవైపు ఎర్ర ఇటుక గోదాముల వరుస కనబడి, చూపు నిలిచేలోగా వెనక్కి వెళ్ళిపోతాయి. రైలు అక్కడ ఆగదు. ఆ ఊరి స్టేషన్‌ను 1958లోనే మూసేశారు. అయినా ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా సొరంగం దగ్గరపడేసరికి చేతిలో పని పక్కన పెట్టి కిటికీకి ముఖం ఆనించడం నాకు అలవాటైపోయింది. ఆ ఊళ్ళో మేము 2009 నుంచి ఏడేళ్ళు ఉన్నాము. మా అమ్మాయి తొలి అడుగులు అక్కడి కాలువ గట్టు మీదే వేసింది.

ఊరి పేరు వీడన్ బెక్. నార్తాంప్టన్‌కు పడమరగా ఎనిమిది మైళ్ళు, డావెంట్రీకి నాలుగు మైళ్ళు. జనాభా మూడు వేలు కూడా ఉండదు. మధ్యయుగంలో ఈ ఊరు నార్మండీలోని బెక్ మఠం వారి మాన్యంగా ఉండేది కాబట్టి ఆ తోక పేరు వచ్చింది. ఊరివారు మాత్రం తోక వదిలేసి వీడన్ అనే అంటారు. ఎగువ వీడన్, దిగువ వీడన్, రోడ్డు వీడన్ అని మూడు ముక్కలుగా ఉంటుంది. రోడ్డు వీడన్‌లోని ఆ రోడ్డు సామాన్యమైనది కాదు, రోమన్లు వేసిన వాట్లింగ్ స్ట్రీట్. పొలాల మధ్య నుంచి చిన్న పంట కాలువంత వెడల్పున పారేది నెన్ నది. ఇక్కడ దాన్ని 'నెన్' అంటారు. అదే నది దిగువన పీటర్‌బరో చేరేసరికి 'నీన్' అవుతుంది. మొదటి వారం ఆఫీసులో నేను 'నీన్' అన్నందుకు ఇద్దరు పెద్దవాళ్ళు చాలా మర్యాదగా, చాలా సేపు నన్ను సరిదిద్దారు.

నా ఉద్యోగం డావెంట్రీ అవతలి రైలు సరుకుల టెర్మినల్ పక్కన ఉన్న ఒక గోదాములో, సరుకు ఏ లారీలో ఏ రోజు ఎటు వెళ్ళాలో లెక్కలు వేసే విభాగంలో. దేశం నడిమధ్యన, పెద్ద రోడ్లు, రైలు మార్గం ఒక్కచోట కలిసే ప్రాంతం కనుక, సూపర్ మార్కెట్లకు వెళ్ళే బియ్యం, బిస్కెట్లు, సబ్బులు అన్నీ అక్కడే దిగి మళ్ళీ బయలుదేరుతాయి. అద్దె తక్కువని దిగువ వీడన్‌లో ఇల్లు తీసుకున్నప్పుడు, ఆ ఊరికి కూడా నా ఉద్యోగం వంటి ఉద్యోగమే ఉండేదని, అదీ రెండు వందల ఏళ్ళ కిందటి నుంచని, నాకు తెలియదు. అక్కడ దాచింది మాత్రం బిస్కెట్లు కావు.

1803లో ఫ్రాన్సుతో యుద్ధం మళ్ళీ మొదలైంది. నెపోలియన్ సేనలు ఇంగ్లిష్ ఛానల్ దాటి వస్తాయన్న భయం దేశమంతటా ఉండేది. అప్పటిదాకా ఆయుధాలు, మందుగుండు ఎక్కువగా లండన్ చుట్టుపక్కల, తీరానికి దగ్గరలో ఉండేవి. శత్రువు ఒక్కసారి ఒడ్డుకు దిగితే మొదట చేజిక్కేవి అవే. అందుకని ఎటు చూసినా సముద్రానికి దూరంగా ఉండి, సరుకు తరలించడానికి మాత్రం దగ్గరగా ఉండే చోటు కావాలని వెదికితే వీడన్ దొరికింది. అప్పటికే గ్రాండ్ జంక్షన్ కాలువ ఆ ఊరి గుండా తవ్వి ఉంది. 1805లో బ్లిస్‌వర్త్ సొరంగం పూర్తయ్యాక లండన్ నుంచి పడవ నేరుగా రాగలిగింది. రోమన్ రోడ్డు ఎలాగూ ఉంది. పార్లమెంటు 1803లోనే చట్టం చేసి 53 ఎకరాల పొలం కొనిపించింది. రాయల్ ఇంజనీర్లకు చెందిన రాబర్ట్ పిల్కింగ్టన్ నిర్మాణం చూశాడు. గొర్రెలు మేసే పొలాల్లో ఉన్నట్టుండి కోట గోడలు లేచాయి.

పెద్ద కాలువ నుంచి ఒక పాయను తీసి డిపో లోపలికి మళ్ళించారు. ఆ పాయ మొదటి ద్వార గృహం కింది నుంచి లోపలికి వస్తుంది. పైన చిన్న బురుజు, అందులో గడియారం. తరువాత ఒక్కో ఒడ్డున నాలుగేసి చొప్పున ఎనిమిది గోదాములు, వాటి మధ్య నుంచి నీరు తిన్నగా సాగి, రెండో ద్వారం దాటి, మందుగుండు ఉంచే వేరే ఆవరణ చేరుతుంది. అక్కడ నాలుగు మందుగుండు కొట్లు. ఒకటి పేలితే పక్కది అంటుకోకుండా వాటి మధ్య మధ్య లోపలంతా మట్టి కూరిన కట్టడాలు. మనుషుల కోసం కాక, పేలుడు కోసం కట్టిన గదులు. ఇంతా చేసి పనులన్నీ ముగిసేనాటికి నెపోలియన్ ముప్పే తొలగిపోయింది. కట్టిన గోదాము ఖాళీగా ఉండదన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన విషయం. ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దం పాటు ఏదో ఒక యుద్ధం వాటిని నింపుతూనే ఉంది.

డిపోకు కాపలాగా ఎదుటి గుట్ట మీద బ్యారకులు కట్టారు. పదాతి దళం, గుర్రాల మీద ఫిరంగులు లాక్కెళ్ళే దళం, ఆశ్విక దళం, ఇలా దళాలు వస్తూ పోతూ ఉండేవి. డిపో పెద్ద అధికారుల కోసం మూడు అందమైన పెవిలియన్లు కూడా కట్టారు. ఫ్రెంచివారు లండన్ దాకా వస్తే మూడో జార్జి రాజును కుటుంబంతో సహా ఇక్కడికి తరలించడానికే వాటిని కట్టారని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. రాజు ఎన్నడూ వచ్చి ఉండలేదు, వాటిలో ఉన్నది అధికారులే. 1970లలో ఆ పెవిలియన్లను పడగొట్టారు. రాజుగారి కథ మాత్రం కూలలేదు. నిజానికి డిపో చరిత్రలో నాకు బాగా అపనమ్మకం కలిగించేదీ ఆ కథే, ఊరివారు బాగా ఇష్టపడి చెప్పేదీ ఆ కథే.

2012 వేసవిలో అమ్మా నాన్నా విజయనగరం నుంచి వచ్చి మూడు నెలలు ఉన్నారు. నాన్న మా ప్రాంతంలోని ఒక జూటు మిల్లులో ముప్పై మూడేళ్ళు గోదాం కీపరుగా చేసి రిటైరయ్యారు. లండన్ తీసుకువెళ్ళి ఏది చూపించినా మర్యాదకు తల ఊపి ఊరుకున్న మనిషి, వీడన్ డిపో ముందుకు రాగానే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయారు. ద్వారం కింద కాలువ నీళ్ళలోకి దిగేటట్టు ఇనుప ఊచల తలుపు ఒకటి ఉంది. కోట గుమ్మాలకు ఉండేటటువంటిది, పైనుంచి కిందికి జారేది. పడవ వచ్చినప్పుడు ఎత్తి, వెళ్ళాక దించేవారు. ఊచల మొదట్లో తుప్పు పొలుసులు లేచి, నీటి మీద ఆకుపచ్చని నాచు దుప్పటిలా పరచుకుని ఉంది. డిపోలోని పాయకు ఇప్పుడు పెద్ద కాలువతో సంబంధం తెగిపోయింది కనుక ఆ నీరు కదలదు.

"ఏరా, నీటి మీద తలుపేమిటి, దొంగ ఈదుకుంటూ వస్తాడనా?" అన్నారు.

"పడవలో వస్తాడని, నాన్నా."

"దొంగ బయటి నుంచి రాడు రా. నేను ముప్పై మూడేళ్ళు చూశాను. లోపలే ఉంటాడు."

నవ్వాపుకోలేక అక్కడే గట్టు మీద కూర్చుని 1858 నాటి సంగతి చెప్పాను. క్రిమియా యుద్ధకాలంలో సైన్యం దుస్తులు, బూట్లు నిలవ చేసే పని కూడా వీడన్‌కు వచ్చింది. నార్తాంప్టన్ చెప్పుల పరిశ్రమకు పేరున్న పట్నం. అక్కడ కుట్టిన బూట్లు ఇక్కడికి వచ్చి, తనిఖీ జరిగి, దళాలకు వెళ్ళేవి. కొన్నేళ్ళకే లెక్కలు పూర్తిగా చిక్కుపడ్డాయి. పుస్తకంలో ఉన్న సరుకు కొట్లో లేదు, కొట్లో ఉన్నది పుస్తకంలో లేదు. ఆ గందరగోళంలో స్టోర్‌కీపరే అమెరికాకు పారిపోయాడు. పార్లమెంటులో గొడవై, రాయల్ కమిషన్ వేసి విచారించారు. నాన్నకు ఇది చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన ఆనందం, ఆ మూడు నెలల్లో మరి దేనికీ కనిపించలేదు.

"కీపరే? అమెరికా? పడవెక్కి?" అని మూడుసార్లు అడిగారు. ఆ రాత్రి విజయనగరంలోని పాత సహోద్యోగికి ఫోన్ చేసి, ఇంగ్లండు వెళ్ళినందుకు తాను తెలుసుకున్న ముఖ్య విషయంగా దీన్నే చెప్పారు.

ఒక గోదాములో పాత పుస్తకాలు అమ్మేవారు. పుస్తకాలు చూసే నెపంతో లోపలికి వెళ్ళి, నాన్న ఒక్క పుస్తకం కూడా తెరవకుండా గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు, తరువాత కిటికీలు లెక్కపెట్టారు, వంగి మూల దగ్గర నేల చూశారు. దుకాణం ఆవిడ ఏమైనా పోయిందా అని అడిగింది. చెమ్మ చూస్తున్నారని చెప్పాను. జనపనారకు చెమ్మ తగిలితే బేలు లోపల్లోపలే వేడెక్కి నిప్పంటుకుంటుందని ఆయనకు భయం. ఆ భయంతోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. తుపాకులకు చెమ్మ తగిలితే తుప్పు, మందుగుండుకు తగిలితే పనికిరాకుండా పోవడం. బయటికి వచ్చాక, కట్టినవాడికి పని తెలుసు అన్నారు. ఆయన నోట ఎవరి గురించీ అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

తిరిగి వస్తూ గడియారపు బురుజు వైపు చూసి, మన గంటస్తంభం పక్కన ఇది పిల్లది అన్నారు. మాకు కంటోన్మెంట్ అనే మాట కూడా కొత్తది కాదు. విజయనగరంలో కుంఫిణీ కాలం నాటి దండు విడిసిన చోటుకు ఇప్పటికీ కంటోన్మెంట్ అనే పేరు, దండు లేకపోయినా. వీడన్‌లో బ్యారకులున్న గుట్టకు కేవల్రీ హిల్ అనే పేరు, గుర్రాలు లేకపోయినా.

ఆ గుర్రాలను కళ్ళారా చూసిన మనిషి ఒకరు మా పక్కింట్లోనే ఉండేవారు. అప్పటికే ఎనభై దాటిన పెద్దాయన. దొడ్లో చిక్కుళ్ళ లాంటి పొడుగు కాయలు విపరీతంగా కాసేవి, ఆగస్టు వచ్చిందంటే రోజూ మా గుమ్మం ముందు ఒక కాగితపు సంచి ఉండేది. అమ్మ వాటితో కొబ్బరి కూర చేసి గిన్నెలో పెట్టి పంపితే, గిన్నె కడిగి అందులో మళ్ళీ కాయలే వేసి పంపేవాడు. ఈ మారకం మూడు నెలలు సాగింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు, గోడకు అటూ ఇటూ నిలబడి పదేసి నిమిషాలు మాట్లాడుకునేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత సైన్యపు గుర్రపు స్వారీ పాఠశాలను వీడన్ బ్యారకులకు తెచ్చారు. దేశం నలుమూలల నుంచి ఆశ్విక దళాల అధికారులు వచ్చి ఇక్కడ నేర్చుకుని, వెనక్కి వెళ్ళి తమ దళాలకు నేర్పేవారు. స్వారీ తెలిసినవారి మధ్య 'వీడన్' అంటే ఊరి పేరు కాదు, ఒక చదువు పేరు. పెద్దాయన అప్పటికి అయిదారేళ్ళ పిల్లవాడు. పొద్దున్నే గుట్ట మీది నుంచి గుర్రాలు వరుసగా దిగివచ్చే చప్పుడు మంచంలో పడుకుని వినేవాడట. ఆ చప్పుడును ఆయన బల్ల మీద వేళ్ళతో వాయించి చూపేవారు, నడక ఒకలా, దౌడు ఒకలా. మాటలకంటే ఆ వేళ్ళే నాకు బాగా గుర్తు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆ పాఠశాల ముగిసిపోయింది. ట్యాంకుల కాలంలో గుర్రాలతో పనేముంది. 1950లలో బ్యారకులను కూడా పడగొట్టారు. ఇప్పుడు ఆ గుట్ట మీద చిన్న కర్మాగారాల రేకుల షెడ్లున్నాయి.

పెద్దాయన మాత్రం గుట్ట దిగి డిపోలో చేరారు. రైఫిళ్ళకు గ్రీజు పూసి, కాగితం చుట్టి, పెట్టెల్లో సర్దే పని. ఇంటికి వచ్చాక భార్య చొక్కా విడవనిదే వంటింట్లోకి రానిచ్చేది కాదట. 1965లో డిపో మూసేసే దాకా అక్కడే చేశారు. మూసేసిన రోజు ఏమి జరిగిందని అడిగాను, ఏదో సభ, కన్నీళ్ళు వినవస్తాయనుకుని. శుక్రవారం ఎప్పటిలాగే తాళాలు అప్పగించి ఇంటికి వచ్చానని, సోమవారం పొద్దున్న అలవాటుగా గేటు దాకా నడిచి వెనక్కి వచ్చానని చెప్పారు. తరువాత ప్రభుత్వం ఏవేవో నిలవలకు వాడుకుని, 1980లలో అమ్మేసింది. ఒకప్పుడు కాపలావాడి అనుమతి లేనిదే పిల్లి కూడా దూరని ఆవరణలో ఇప్పుడు ఎవరైనా కారు నిలుపుకుని టీ తాగవచ్చు. పెద్దాయనకు అదే మింగుడుపడేది కాదు. ఎప్పుడు వెళ్ళినా గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి గానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదు.

ఊరి చర్చి గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. సెయింట్ పీటర్, సెయింట్ పాల్ పేరున్న ఆ చర్చి గోపురం నార్మన్ల కాలానిది. పద్దెనిమిదో శతాబ్దం చివర కాలువ తవ్వినవారు దానికి ఒకవైపు ఎత్తయిన గట్టు పోశారు. 1838లో లండన్-బర్మింగ్‌హామ్ రైలు మార్గం వేసినవారు రెండోవైపు కమానుల వంతెన కట్టారు. మధ్యలో చర్చి, సమాధులు, గడ్డి. ఆ గడ్డిలో నిలబడితే ఒకవైపు తలకంటే ఎత్తున పడవ మెల్లగా పోతూ ఉంటుంది, చుక్కాని పట్టుకున్నవాడు చేత్తో టీ కప్పు ఎత్తి పలకరిస్తాడు; రెండోవైపు అంతకంటే ఎత్తున రైలు అద్దాలు అదిరేటట్టు దూసుకుపోతుంది. ఆ సమాధుల్లో సైనికులవీ ఉన్నాయి. ఎక్కడో పుట్టి, గుట్ట మీది బ్యారకులకు వచ్చి, ఈ నేలలో కలిసినవారు.

అమ్మకు నచ్చింది రైలూ కాదు, పడవా కాదు, వెర్‌బర్గ్ కథ. ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతం మెర్షియా రాజ్యం. వుల్ఫ్‌హియర్ రాజు కూతురు వెర్‌బర్గ్ సన్యసించి వీడన్‌లో మఠం నడిపిందట. అడవి బాతులు వచ్చి పైరు తినేస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటే, వాటన్నిటినీ తోలుకువచ్చి దొడ్లో పెట్టమని పనివాడికి చెప్పింది. అడవి బాతులు గొర్రెల్లా నడిచి వచ్చాయి. రాత్రి పనివాడు ఒక బాతును కోసుకుని తిన్నాడు. పొద్దున ఆమె వాటిని వదిలేస్తే, అవి ఎగిరిపోకుండా మఠం మీదే తిరుగుతూ అరిచాయి. ఆమె సంగతి గ్రహించి, మిగిలిన ఎముకలు తెప్పించి ఆ బాతును బతికించింది. అప్పటి నుంచి వీడన్ పొలాల మీద అడవి బాతులు వాలవని ఒక మాట.

అమ్మ అంతా విని, "మరి తిన్నవాడికి ఏ శిక్షా లేదా?" అంది.

"కథలో లేదమ్మా."

"అమెరికా పారిపోయుంటాడు" అన్నారు నాన్న, పేపరు లోంచి తల ఎత్తకుండా.

మా అమ్మాయికి నెన్ ఒడ్డున బాతులకు మేత వేయడం సరదా. పొలాల మీద వాలవన్న బాతులు, నది ఒడ్డున మాత్రం పిల్లదాని చేతిలో సంచి చూస్తే చాలు, పరిగెత్తుకుని వచ్చేవి.

ఊరి నడుమ రోమన్ రోడ్డు, నార్తాంప్టన్ రోడ్డు కలిసే కూడలి ఉండేది. మా గోదాముల లారీలే ఆ ఇరుకు దారిలో పగలూ రాత్రీ బారులు తీరేవి. నేను ఆఫీసులో వేసిన లెక్కలు రాత్రి పది గంటలకు మా పడకగది కిటికీని అదిలిస్తూ పోయేవి. పెద్దాయన ఫిర్యాదు చేసినప్పుడల్లా నాకు తల దించుకోవాల్సి వచ్చేది. ఊరి బయటి నుంచి డావెంట్రీకి కొత్త రోడ్డు 2018 చివర్లో తెరిచారు. అప్పటికి మేము బర్మింగ్‌హామ్ వెళ్ళిపోయి రెండేళ్ళయింది, పెద్దాయన లేరు. ఆ నిశ్శబ్దం ఎలా ఉందో ఆయన చెప్పగా వినాలని ఉండేది.

నాన్న పోయి మూడేళ్ళయింది. పోయిన సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు అమ్మ ఆయన పెట్టె తీసి, కాగితాలు చూసి పనికిరానివి పారెయ్యమంది. మిల్లు రోజుల నుంచి ఆయనకు జేబు డైరీ రాసే అలవాటు. కబుర్లు రాయరు, సరుకు మాత్రమే రాస్తారు. 2012 డైరీలో జూలై నెల ఒక పుటలో, స్టాకు పుస్తకంలో రాసినట్టే ఒకదాని కింద ఒకటిగా నాలుగు పంక్తులున్నాయి:

వీడన్. గోదాములు 8, కాలువ 1, గేట్లు 2.

గోడలు ఇటుక. చెమ్మ లేదు.

మందుగుండు కొట్లు 4, మధ్యన మట్టి. మంచి ఏర్పాటు.

కీపరు అమెరికా.